కబురు ముందా... కెరటం ముందా?

హైదరాబాద్‌లో సముద్రం లేదు. అయినా హిందూ మహాసముద్రం అడుగున భూమి కదిలితే నిమిషాల్లో తెలిసిపోయే చోటు అక్కడుంది. దివిసీమకు సముద్రం పెరటి గుమ్మంలాంటిది. అయినా 1977లో ఉప్పెన వస్తోందన్న కబురు అక్కడి గుడిసెల్లో చాలావాటికి చేరనే లేదు. ఈ రెండు చోట్లకూ మధ్య దారి ఎలా పడిందో చూసొద్దామా!

ప్రగతినగర్‌లో సముద్రం

కూకట్‌పల్లి దాటి నిజాంపేట వైపు వెళితే ప్రగతినగర్ వస్తుంది. అపార్ట్‌మెంట్లు, కర్రీ పాయింట్లు, స్కూలు బస్సులు... హైదరాబాద్ శివార్లలో ఎక్కడైనా కనిపించే సందడే. ఆ సందడి మధ్యనే ఉంది ‘ఇన్‌కాయిస్’. పూర్తిపేరు భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. 1999లో మొదలైంది. ఇక్కణ్నుంచి బందరు తీరం మూడొందల కిలోమీటర్లకు పైమాటే. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊళ్లో సముద్ర కేంద్రమేమిటని ఎవరికైనా అనిపిస్తుంది.

కానీ సముద్రం సంగతి తెలుసుకోవడానికి ఒడ్డున కూర్చోనక్కర్లేదు. నలుమూలల కబుర్లూ ఒకచోటికి చేరాలి. అక్కణ్నుంచి వెళ్లాల్సిన చోటికి వేళకు వెళ్లాలి. అంతే. ఆ ‘అంతే’ లేకపోవడం వల్ల ఏం జరిగిందో 2004 డిసెంబరు 26న లోకమంతా చూసింది.

ఆ రోజు ఆదివారం, పౌర్ణమి. ఉదయం ఆరున్నర కావస్తోంది. ఇండొనేసియాలోని సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కంపించింది. లోతైన సముద్రంలో సునామీ కెరటం విమానంతో పోటీపడుతూ గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో కదులుతుంది. అయినా మన తూర్పు తీరానికి రావడానికి దానికి రెండు గంటలకు పైనే పట్టింది. రెండు గంటలు! ఒడ్డున ఉన్నవాళ్లు కాలినడకన వెళ్లినా ప్రాణాలు దక్కించుకోవడానికి సరిపోయే సమయం. మంగినపూడి నుంచి నాగపట్నం దాకా ఆ ఉదయం తీరంలో ఉన్నవారికి ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు. మనదేశంలో పది వేలమందికి పైగా, అన్ని దేశాల్లో కలిపి 2 లక్షల 30 వేలమంది దాకా పోయారు. మన రాష్ట్రంలోనే వందమందికి పైగా చనిపోయారు.

సునామీల శాస్త్రం అప్పటికి లేదా అంటే... ఉంది. పసిఫిక్ సముద్రంలో హవాయి దీవుల్లోని హెచ్చరికల కేంద్రం 1949 నుంచీ పనిచేస్తోంది. ఆ తర్వాత పసిఫిక్ చుట్టూ ఉన్న దేశాలు కబుర్లు ఇచ్చిపుచ్చుకునే ఏర్పాటు చేసుకున్నాయి. హిందూ మహాసముద్రానికి అలాంటిది లేదు. తెలిసినవాళ్లు ఒకచోట, తెలియాల్సినవాళ్లు మరోచోట. మధ్యలో దారే లేదు.

ఆ దారి వెయ్యడానికే 2005లో యునెస్కో ఆధ్వర్యంలో హిందూ మహాసముద్ర దేశాలన్నీ ఒక్కటయ్యాయి. 2007 అక్టోబరు 15న ప్రగతినగర్‌లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం ప్రారంభమైంది. 2011 నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండొనేసియా... ఈ మూడు దేశాల కేంద్రాలూ హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న పాతికకు పైగా దేశాలకు సునామీ సమాచారం పంపుతున్నాయి. ఎవరి లెక్క వారు కట్టినా, ఒకరి లెక్కలు మరొకరికి కనిపిస్తాయి. ఆఫ్రికా ఒడ్డున ఉన్న దేశానికీ మన శ్రీకాకుళం తీరానికీ ఒకే పూట కబురు వెళుతుంది.

ఆ గదిలో జరిగేదేమిటి?

రాత్రీ పగలూ తేడా లేకుండా షిఫ్టుల్లో పనిచేసే ఈ కేంద్రంలో జరిగే పనిని సులువుగా మూడు మెట్లుగా చెప్పుకోవచ్చు. మొదటిది భూకంపం. దేశంలోనూ విదేశాల్లోనూ ఉన్న భూకంప కేంద్రాల సంకేతాలు నేరుగా ఇక్కడికి వస్తాయి. ఎక్కడ కదిలింది, ఎంత లోతున, ఎంత తీవ్రతతో... పది నిమిషాల్లోపే లెక్క తేలుతుంది.

రెండోది అంచనా. ఏ చోట ఎంత భూకంపం వస్తే ఏ తీరానికి ఎంత ఎత్తు కెరటం ఎంతసేపట్లో వస్తుందో వేలాది ఉదాహరణలకు ముందే లెక్కకట్టి పెట్టుకున్నారు. పరీక్షకు ముందే అన్ని లెక్కలూ చేసుకున్న పిల్లాడిలా, అసలు భూకంపం రాగానే దానికి దగ్గరగా ఉన్నదాన్ని బయటికి తీస్తారు.

మూడోది రుజువు. భూమి కంపించినంత మాత్రాన సునామీ రావాలని లేదు. నిజంగా నీరు లేచిందా లేదా అన్నది సముద్రం అడుగున పెట్టిన ఒత్తిడి పరికరాలు చెబుతాయి. కిలోమీటర్ల లోతున ఉండి, పైన నీటిమట్టం ఒక్క సెంటీమీటరు మారినా అవి పసిగడతాయి. ఒడ్డున రేవుల్లో ఆటుపోట్లను కొలిచే పరికరాలు ఇంకో సాక్ష్యం.

ఈ మూడో మెట్టు విలువ 2012 ఏప్రిల్ 11న తెలిసింది. ఆ మధ్యాహ్నం సుమత్రా దగ్గర్లోనే 8.6 తీవ్రతతో భూకంపం. 2004 గుర్తొచ్చి తీరమంతా ఉలిక్కిపడింది. హెచ్చరికలు వెళ్లాయి. అయితే ఈసారి భూమి పొరలు పైకీ కిందికీ కాకుండా పక్కకు జరిగాయి. అందువల్ల నీరు పెద్దగా లేవలేదు. పరికరాలు ఆ సంగతి చూపించాయి, హెచ్చరికలు ఉపసంహరించారు. ఏ పరికరమూ లేకపోతే ఏమయ్యేది? అన్ని ఊళ్లూ రాత్రంతా రోడ్లమీదే ఉండేవి. ఒకటికి రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరూ కదలరు. ‘నాన్నా పులి’ కథ తెలిసిందేగా!

ఇంతవరకూ పట్నం సంగతి. ఈ కబురు అందుకునే తీరం ఎలా ఉంటుందో తెలియాలంటే బందరు బస్సెక్కాలి.

బందరు నేర్పిన పాఠం

బందరు అనగానే లడ్డూ గుర్తొస్తుంది. పక్కనే ఉన్న పెడన కలంకారీ గుర్తొస్తుంది. ఒకనాడు డచ్చివాళ్లు, ఫ్రెంచివాళ్లు, ఇంగ్లిషువాళ్లు పోటీపడి వ్యాపారం చేసిన రేవు ఇది. డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ బందరుకోట వైపు వెళుతుంటే గుర్తుచేసుకోవాల్సిన తేదీ మరొకటుంది. 1864 నవంబరు 1.

ఆ రాత్రి తుపాను గాలికి సముద్రం ఊరిమీద పడింది. సుమారు 30 వేలమంది చనిపోయారని నాటి లెక్క. అంతకు నెల్లాళ్ల ముందే, అక్టోబరు 5న కలకత్తాను మరో తుపాను ముంచింది. ఒకే ఏడాది రెండు పెద్ద రేవులు. మరుసటి ఏడాదే కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికల ఏర్పాటు మొదలైంది. ఆ తర్వాత 1866లో, 1871లో వర్షాలు ముఖం చాటేశాయి. ఈ వరస దెబ్బల తర్వాత 1875లో భారత వాతావరణ శాఖ పుట్టింది. అప్పటిదాకా ఎక్కడికక్కడ విడివిడిగా రాసుకుంటున్న గాలి, వాన లెక్కలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి.

ఆ లెక్కలు కలిపితే ఏం లాభమో అంతకుముందే చూపించినవాడు హెన్రీ పిడింగ్టన్. కలకత్తాలో నౌకలకు సంబంధించిన న్యాయస్థానానికి అధ్యక్షుడు. తుపానుల్లో చిక్కుకుని బయటపడ్డ ఓడల కెప్టెన్లు రాసుకున్న దినచర్య పుస్తకాలు సేకరించి, ఏ ఓడకు ఏ వేళ ఏ దిక్కు నుంచి గాలి వీచిందో పక్కపక్కన పెట్టి చూశాడు. గాలి సుడి తిరుగుతోందని వాటిలో కనిపించింది. చుట్టచుట్టుకున్న పాములాంటి ఈ గాలికి 1848లో గ్రీకు మాట ఆధారంగా ‘సైక్లోన్’ అని పేరుపెట్టింది ఆయనే. కాకినాడ దగ్గరి కోరింగ రేవును 1789లో ముంచెత్తిన ఉప్పెన గురించి కూడా రాశాడు. ఒక్కో కెప్టెన్‌కు తన ఓడ మీద గాలే తెలుసు. అందరి పుస్తకాలూ ఒకచోట చేరాకే తుపాను రూపం తెలిసింది!

ఇప్పుడు బందరులో ఆ పని చేస్తున్నది వాతావరణ శాఖ రాడార్. ఇక్కడ డాప్లర్ రాడార్ 2004లో వచ్చింది. సుమారు నాలుగొందల కిలోమీటర్ల దూరం దాకా మేఘాల కదలికను పట్టుకుంటుంది. దాపుల్లోకి వచ్చిన తుపాను కన్ను ఎటు తిరుగుతోందో గంటగంటకూ చెబుతుంది.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల గురించి మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. ‘మచిలీపట్నంలో పదో నంబరు’ అంటే గుండె ఝల్లుమంటుంది. అది మహా ప్రమాద సూచిక. అయితే దానిపైన ఇంకొకటుంది. పదకొండో నంబరు. దాని అర్థం గాలి ఇంకా పెరిగిందని కాదు. ‘వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి’ అని! సూచికల వరుసలో అన్నిటికన్నా చివరిది తుపాను కాదు, కబురు తెగిపోవడం. దివిసీమకు వెళితే ఆ పదకొండో నంబరుకు అర్థం తెలుస్తుంది.

ఉప్పెనకు ముందు... ఉప్పెన తర్వాత

విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు మీదుగా వస్తుంటే నాట్యానికి పుట్టిల్లయిన కూచిపూడి తగులుతుంది. తర్వాత చల్లపల్లి, మోపిదేవి. సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి దణ్నం పెట్టుకుని ముందుకు కదిలితే పులిగడ్డ. ఇక్కడే కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయలకూ సముద్రానికీ మధ్య ఉన్న నేలే దివిసీమ. పచ్చటి వరిచేలు, వాటి పక్కనే చేపల చెరువులు, రొయ్యల చెరువులు, గట్ల మీద తాడిచెట్లు. అటు అవనిగడ్డ, కోడూరు, ఇటు నాగాయలంక. కిందికి వెళ్లేకొద్దీ నేల చదునవుతుంది. ఎక్కడా గుట్ట లేదు. కళ్లు వెళ్లినంత మేర నేలా నీరూ ఒకే ఎత్తులో ఉన్నట్టుంటాయి.

చూడటానికి ఎంత అందమో, తుపాను వేళ అంత ప్రమాదం. 1977 నవంబరు 19, శనివారం. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో తుపాను తీరం దాటింది. అయిదు మీటర్ల ఎత్తున సముద్రం లేచి తీరం నుంచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది... పల్లెలకు పల్లెలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతులు పది వేలకు పైనే. అవనిగడ్డ దగ్గర, సముద్రపు నీళ్లు వచ్చి ఆగినచోట స్మారకం కట్టారు. అక్కడ నిలబడి చూస్తే ఎటుచూసినా సముద్రం కనిపించదు. అంత దూరం. ‘ఇక్కడిదాకా వచ్చిందా!’ అన్న మాట నోట్లోనే ఆగిపోతుంది.

తుపాను తీరం దాటింది చీరాల-నిజాంపట్నం వైపు. మరి దివిసీమకు ఎందుకంత దెబ్బ? మన తుపానుల్లో గాలి గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంది. అందువల్ల తుపాను కన్ను దాటిన చోటుకు కుడిపక్కన, అంటే మన తీరంలో ఈశాన్యంగా ఉన్నవైపు, గాలి సముద్రం నుంచి నేలమీదికి నీటిని తోస్తుంది. ఎడమపక్కన నేలమీది నుంచి సముద్రంలోకి వీస్తుంది. నిజాంపట్నానికి కుడిపక్కనే ఉంది దివిసీమ. ఆపై ఇక్కడ తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ. వచ్చిన నీటికి కిందికి పోయే దారి లేక పైకి లేస్తుంది. తుపాను ఎక్కడ తీరం దాటుతుందన్న ఒక్క ముక్క తెలిస్తే చాలదు. ఎవరి మీదికి నీళ్లొస్తాయో కూడా తెలియాలి.

అప్పటి రోజులు గుర్తుతెచ్చుకోండి. ఊళ్లో ఫోన్లు లేవు. రేడియో ఉన్న ఇళ్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మనకంటూ ఆకాశంలో వాతావరణ ఉపగ్రహం లేదు. మేఘాల మీద కన్నేసి ఉంచే ఇన్సాట్-1బి 1983లో వచ్చింది. 1977లో తుపాను వస్తోందని తెలిసినా, ఇంత నీరు మీదపడుతుందని పూరిగుడిసెలో ఉన్న కూలీకి తెలిసే మార్గం లేకపోయింది. తెలిసినా తలదాచుకోవడానికి గట్టి మేడ లేదు.

ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ పెళ్లిళ్లనూ పుట్టుకలనూ ‘ఉప్పెనకు ముందు’, ‘ఉప్పెన తర్వాత’ అనే లెక్కబెడతారు.

ఆ తర్వాత మారిందేమిటి? 1980ల్లో ఉపగ్రహం ద్వారా నేరుగా తీరంలోని ఆఫీసులకు హెచ్చరిక వినిపించే పెట్టెలు వచ్చాయి. ముందు సైరన్ మోగి, తర్వాత తెలుగులోనే మాట వినపడేది. తీరం పొడుగునా స్తంభాల మీద నిలబెట్టిన తుపాను షెల్టర్లు లేచాయి. 1990 మే 9న దాదాపు అంతే బలమైన తుపాను మళ్లీ ఇదే కృష్ణా తీరం మీద పడింది. ఈసారి ముందే లక్షన్నరకు పైగా జనాన్ని తరలించారు. మృతులు 967 మంది. తక్కువేం కాదు. కానీ పది వేలకూ దానికీ మధ్య తేడాను గాలి తేలేదు. కబురు తెచ్చింది, కబురు విని కదిలిన కాళ్లు తెచ్చాయి. 2011 నుంచి ప్రపంచ బ్యాంకు సాయంతో జాతీయ పథకం కింద ఆంధ్ర, ఒడిశా తీరాల్లో మరిన్ని షెల్టర్లు, వాటికి రోడ్లు వచ్చాయి. మామూలు రోజుల్లో బడిగానో సమావేశాలకో వాడుకునే షెల్టరయితే తలుపు తాళం ఎవరి దగ్గరుందో ఊరందరికీ తెలుస్తుంది. వాడని షెల్టరు తాళం అవసరానికి దొరకదు!

పొరుగువాళ్లు పెట్టిన పేర్లు

దివిసీమ వాళ్లను కదిపితే తుపానుల పేర్లు వరసగా చెబుతారు. లైలా, హెలెన్, మిచౌంగ్, మొంథా... ఈ పేర్లేవీ మనవి కావు. లైలా పాకిస్థాన్ ఇచ్చింది. హెలెన్ బంగ్లాదేశ్‌ది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ మయన్మార్ పెట్టిన పేరు. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా థాయ్‌లాండ్ పేరు. 2014లో విశాఖను వణికించిన హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పిట్ట పేరు. మన కూకుడుగువ్వ!

ఈ పేర్ల వెనక పెద్ద కథే ఉంది. 1970లో అప్పటి తూర్పు పాకిస్థాన్‌లో, అంటే నేటి బంగ్లాదేశ్‌లో, భోలా తుపాను సుమారు 3 లక్షలమందిని పొట్టనపెట్టుకుంది. ఆ దెబ్బ తర్వాత 1972లో ఐక్యరాజ్యసమితి సంస్థల అండతో బంగాళాఖాతం, అరేబియా సముద్రం చుట్టూ ఉన్న దేశాలు ఒక బృందంగా ఏర్పడ్డాయి. ఇప్పుడందులో 13 దేశాలున్నాయి. దిల్లీలోని మన వాతావరణ శాఖ కేంద్రం ఈ దేశాలన్నిటికీ తుపాను సమాచారం పంపుతుంది. సరిహద్దుల్లో తుపాకులు ఎక్కుపెట్టుకున్న దేశాలు కూడా తుపాను విషయంలో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాయి. 2004 నుంచి ఆ దేశాలిచ్చిన పేర్లే వరసగా పెడుతున్నారు. 2020లో ఒక్కో దేశం 13 చొప్పున 169 పేర్లతో కొత్త జాబితా తయారుచేశారు. పేరుంటే మనిషికి గుర్తుంటుంది, నోటినుంచి నోటికి పాకుతుంది. అదీ ఒక హెచ్చరికే.

హుద్‌హుద్ గాలికి విశాఖలోని రాడారే దెబ్బతింది. అలాంటి వేళ ఒక్క కన్ను మీదే ఆధారపడితే అంతే సంగతులు. ఉపగ్రహాలు, ఓడలు, తేలుబొంగులు, పక్క కేంద్రాల లెక్కలు... ఎన్ని కళ్లుంటే అంత ధీమా. లక్షల జనాభా ఉన్న నగరం మీద అంత తుపాను విరుచుకుపడినా మన రాష్ట్రంలో మృతులు వందలోపే ఉండటానికి ముందుగా ఖాళీ చేయించడమే కారణం.

నీటి రంగు చదివేవాళ్లు

నాగాయలంక. కృష్ణ ఒడ్డున శ్రీరామపాద క్షేత్రం ఘాటు. సాయంత్రంపూట మెట్లమీద కూర్చుంటే నీళ్లమీది గాలికి ప్రయాణం బడలికంతా తీరిపోతుంది. కింద లంకల్లోకి వెళ్లాలంటే పంటు మీద ఏరు దాటాలి. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఒక యువకుడిని ‘ఫోన్లో చేపల సమాచారం వస్తుందా?’ అని అడిగాం.

‘‘వస్తదండి. ఎటు దిక్కు, ఎంత దూరం, ఎన్ని బారల లోతు... అన్నీ చెబుద్ది. ఊరికే తిరిగి డీజిలు తగలెయ్యకుండా ఉంటది’’ అన్నాడు.

పక్కనున్న పెద్దాయన ఊరుకోలేదు. ‘‘ఫోను చెబితే సరిపోద్దేంట్రా? నీటి రంగు చూడొద్దా, పిట్టల్ని చూడొద్దా? మా నాయన అవి చూసే వల దింపేవోడు.’’

‘‘అదీ చూత్తాంలే బాబాయ్, ఇదీ చూత్తాం’’ అని నవ్వేశాడు కుర్రాడు.

ఇద్దరూ చెప్పింది ఒకటే! ఇన్‌కాయిస్ రోజూ ఇచ్చే ‘చేపలు దొరికే చోట్ల’ సమాచారానికి ఆధారం కూడా నీటి రంగే. సముద్రంలో సూక్ష్మమైన నాచు పెరిగినచోట నీళ్లు పచ్చగా మారతాయి. ఆ నాచు కోసం చిన్నచేపలు, వాటికోసం పెద్దచేపలు చేరతాయి. 1999లో మన ఓషన్‌శాట్ ఉపగ్రహం ఏడొందల కిలోమీటర్ల ఎత్తు నుంచి చదవడం మొదలుపెట్టింది ఆ రంగునే. దానికి నీటి వేడిమి లెక్క కలిపి చోటు చెబుతారు. తెలుగుతో సహా తీర భాషలన్నింటిలో ఆ కబురు రేవుల్లోని బోర్డులకూ ఫోన్లకూ వెళుతుంది. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, మబ్బులు కమ్మి ఉపగ్రహానికి నీళ్లు కనిపించని రోజుల్లో మాత్రం ఉండదు.

ఈ చేపల కబురుకూ తుపానుకూ సంబంధం ఏమిటంటారా? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఏడాదికి ఒక్కసారి వచ్చి ‘పారిపోండి’ అనే ఆఫీసు మాట ఎవరూ వినరు. రోజూ పొద్దున్నే వచ్చి ‘ఇవాళ అటు వెళ్లు, నాలుగు చేపలు పడతాయి’ అని చెప్పే మాట మీద గురి కుదురుతుంది. ఆ మాటే ఒకరోజు ‘ఇవాళ వెళ్లొద్దు, అలలు పెద్దవి’ అంటే కుర్రాడు పడవ ఒడ్డుకు లాగేస్తాడు. నమ్మకం తుపాను రోజున పుట్టదు. చేపలు పడ్డ రోజుల్లో పుడుతుంది.

ఒడ్డుకు పది, పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోన్ మూగబోతుంది. రోజుల తరబడి వేటకు వెళ్లే మరబోట్లకు అదే పెద్ద ముప్పు. 1996 నవంబరులో కోనసీమ తుపానుకు సముద్రంలో ఉన్న మత్స్యకారులెందరో తిరిగి రాలేదు. ఆ లోటు తీర్చడానికి 2019లో ‘జెమిని’ అనే చిన్న పరికరం తెచ్చారు. విమానాలకు దారి చూపే మన ‘గగన్’ ఉపగ్రహ ఏర్పాటు ద్వారానే దానికి హెచ్చరికలు అందుతాయి. బోటులో ఉన్నవాళ్ల ఫోన్‌లో తెలుగులో కనిపిస్తాయి. సముద్ర కేంద్రం, విమానాశ్రయాల సంస్థ, ఉపగ్రహాల సంస్థ... ఎవరికివారు వేరు వేరు పనులకు పెట్టుకున్నవి ఒక చేపలబోటు కోసం కలిశాయన్నమాట.

ఈ స్నేహంలో మత్స్యకారుల వంతు కూడా ఉంది. నడిసముద్రంలో గాలినీ అలలనూ కొలవడానికి శాస్త్రవేత్తలు లంగరేసి వదిలిన తేలుబొంగుల కింద చేపలు గుమిగూడతాయి. వాటికి పడవలు కట్టినా, వలలు తగిలినా పరికరాలు పాడవుతాయి. ఒక్క పరికరం మూగబోయినా తుపాను లెక్కలో ఒక సాక్ష్యం తగ్గినట్టే. అందుకే చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు రేవులకు వచ్చి మరీ ‘ఇది మీ కాపలాదారే’ అని చెబుతుంటారు. రక్షణ ఇచ్చేవాడికి రక్షణ ఇవ్వడమంటే ఇదే.

ఊరే నేర్చుకుంటే...

కబురు ఊరి దాకా వచ్చాక ఊరు ఏం చేయాలి? దానికి మన పక్క రాష్ట్రంలో మంచి ఉదాహరణ ఉంది. 2020లో ఒడిశాలోని వెంకట్రాయపూర్, నోళియాసాహి అనే రెండు పల్లెలకు యునెస్కో ‘సునామీకి సిద్ధమైన ఊళ్లు’గా గుర్తింపునిచ్చింది. దేశంలో అవే మొదటివి. నోళియాలంటే ఎవరో కాదు, తెలుగు మూలాలున్న మత్స్యకారులే! నీళ్లు ఎంతవరకు రావచ్చో చూపే పటం, ఎటు పరిగెత్తాలో చెప్పే బోర్డులు, రాత్రీపగలూ కబురు అందుకునే మనిషి, ఊరందరితో విన్యాసాలు... ఇలాంటివి 12 కొలమానాలు. శాస్త్రవేత్త పటం గీస్తే, ‘ఈ దారిలో వానాకాలం మోకాటిలోతు బురద, ముసలివాళ్లు నడవలేరు’ అని చెప్పేది ఊరివాళ్లు. ఇద్దరూ కలిస్తేనే అది పనికొచ్చే పటం. 2024లో ఒడిశాలో 24 పల్లెలకు ఈ గుర్తింపు దక్కింది. మన దివిసీమ పల్లెలకూ ఆ బోర్డులు రావాలి.

కోడూరు మీదుగా హంసలదీవి చేరుకుంటే ఈ దారి పూర్తవుతుంది. కాకి హంసగా మారిన చోటని పురాణం. వేణుగోపాలస్వామి ఆలయంలో మాఘ పౌర్ణమికి జరిగే కల్యాణానికీ సముద్ర స్నానాలకూ జనం పోటెత్తుతారు. పాలకాయతిప్ప దగ్గర కృష్ణమ్మ నిశ్శబ్దంగా సముద్రంలో కలుస్తుంది. దూరంగా మడ అడవుల పచ్చటి గీత. వచ్చే అలల జోరును కాస్త తగ్గించి, నేలను పట్టి ఉంచే గోడ అది. ఎవరూ కట్టలేదు, నరకకుండా ఉంటే చాలు.

రేవు సూచికల్లో పదకొండో నంబరును ఎవరూ ఎగరేయనక్కర్లేని రోజులు రావాలంటే సముద్రం మంచిదవ్వాల్సిన పనిలేదు. ప్రగతినగర్ నుంచి పాలకాయతిప్ప దాకా ఉన్న దారిలో గడ్డి మొలవకుండా చూసుకుంటే చాలు. రోజూ నడిచే దారిలో గడ్డి మొలవదు!

తీరానికి వెళ్లినప్పుడు...

* సముద్రం ఒడ్డున ఉండగా భూమి గట్టిగా, చాలాసేపు ఊగినట్టనిపించినా, నీరు ఉన్నట్టుండి బాగా వెనక్కు వెళ్లినా, సముద్రం నుంచి పెద్ద హోరు వినిపించినా సైరన్ కోసం చూడకుండా లోపలికి, ఎత్తుకు వెళ్లిపోవాలి. బయటపడ్డ చేపలూ గవ్వలూ ఏరుకోవడానికి వెళ్లకూడదు.

* సునామీలో మొదటి అలే పెద్దది కావాలని లేదు. తర్వాతివి గంటల తరబడి వస్తూనే ఉండొచ్చు. అధికారులు చెప్పేదాకా వెనక్కు రాకూడదు.

* తుపానులో గాలి హఠాత్తుగా ఆగిపోతే ముప్పు తప్పిందనుకోవద్దు. తుపాను కన్ను మన మీదుగా వెళుతుండొచ్చు. కాసేపటికి ఎదురుదిక్కు నుంచి అంతే జోరుగా మళ్లీ వీస్తుంది.

ఎలా వెళ్లాలి?

విజయవాడ నుంచి అవనిగడ్డ డెబ్బై కిలోమీటర్లలోపే. ఆర్టీసీ బస్సులున్నాయి. గుంటూరు వైపు నుంచి వచ్చేవారు రేపల్లె మీదుగా పెనుమూడి-పులిగడ్డ వంతెన దాటి రావొచ్చు. అవనిగడ్డ నుంచి కోడూరు మీదుగా హంసలదీవి పాతిక కిలోమీటర్లకు కాస్త అటూఇటూ. సంగమం దగ్గర నీటి ఉరవడి మోసం చేస్తుంది కాబట్టి లోతుకు దిగొద్దు. అక్టోబరు, నవంబరు నెలల్లో బయల్దేరేముందు తుపాను కబురు చూసుకుని మరీ బయల్దేరండి.